బావమరిది లారీలు, మీ సంతకం: జీఎం అయ్యాక మొదట రాయాల్సిన ఉత్తరం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "గుంటూరు దగ్గర ఒక మిర్చి ప్రాసెసింగ్, ఎగుమతి కంపెనీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈమధ్యే ప్లాంట్ జనరల్ మేనేజర్‌ని చేశారు. మాకు లారీలు తిప్పే ముగ్గురు ట్రాన్స్‌పోర్టర్లలో ఒకరు మా ఆవిడ తమ్ముడు. నేను క్వాలిటీలో ఉన్నప్పుడే అతను వచ్చాడు, నేను సిఫార్సు చేయలేదు. అతని రేటు మిగతా ఇద్దరికంటే ఎక్కువేమీ కాదు. ఇప్పుడు కిరాయి రేట్లు ఖరారు చేసే సంతకం నాది. ఆఫీసులో ఎవరికీ చుట్టరికం తెలియదు. మా ఎండీ గారి అల్లుడి కోల్డ్ స్టోరేజీలోనే కంపెనీ సరుకంతా పెడతారు, దాన్నెవరూ తప్పనరు. మరి నేనెందుకు చెప్పాలి? చెప్తే కాంట్రాక్టు పోయి ఇంట్లో గొడవ. చెప్పకపోతే రోజూ టెన్షన్. ఉద్యోగం మానేయాలా?"

చెప్పేయండి. నోటిమాటగా అని ఊరుకోకుండా కాగితం మీద పెట్టండి. అది కూడా వచ్చే సీజన్ కిరాయి రేట్లు మీ టేబుల్ మీదికి రాకముందే. ఉద్యోగం మానేయాల్సిన అవసరం లేదు.

నేను విజయవాడలో ఉంటూ కోల్డ్ స్టోరేజీలకీ, స్పిన్నింగ్ మిల్లులకీ, మసాలా కంపెనీలకీ ఏళ్ల తరబడి ఇంటర్నల్ ఆడిట్ చేసినవాణ్ణి. మీలాంటి కేసు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. మీరు ఇప్పటిదాకా తప్పేం చేయలేదు. బావమరిది లారీలు తిప్పుకుంటున్నాడు, మీకు ప్రమోషన్ వచ్చింది, రెండూ వచ్చి ఒకే ఫైల్లో కలిశాయి. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అంటే ఇంతే. ఎంత నికార్సైన మనిషికైనా ఈ ఇరకాటం వస్తుంది. లంచం తీసుకున్నవాడి లెక్కలో మిమ్మల్ని మీరు వేసుకోకండి. కానీ ఈ రోజు నుంచి దాన్ని దాచుకుంటూ సంతకాలు పెడుతూ పోతే మాత్రం, రేపు బయటపడినప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు, నిజమే చెప్పినా సరే.

"ఎవరికీ తెలియదు" అన్నారు చూశారా, దాని మీద భరోసా పెట్టుకోకండి. మీ గృహప్రవేశానికో, అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కో ఆఫీసు నుంచి వచ్చినవాళ్లకి దగ్గరుండి వడ్డన చూసుకున్నది ఎవరు? మేనమామే అయ్యుంటాడు. డిస్పాచ్ క్లర్కుకి తెలిసే ఉంటుంది, మీ ముందు అనడు, అంతే. ఇంకో సంగతి. బిల్లు మీద ఉండే జీఎస్టీ నంబర్ పోర్టల్‌లో కొడితే, సొంత వ్యాపారమైతే యజమాని పేరు ఇంటిపేరుతో సహా కనిపిస్తుంది. ఎవరైనా చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఆ ఇంటిపేరునీ, మీ ఆవిడ పుట్టింటి పేరునీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం, లోడు దక్కని పోటీ ట్రాన్స్‌పోర్టర్‌కి ఎంతసేపు?

ఇప్పుడు మీరు రాయని ఒక విషయం అడుగుతాను. అతని లారీ ఫైనాన్స్‌కి మీరు గ్యారంటీ సంతకం పెట్టారా? లారీ కొనేటప్పుడు మీ దగ్గర్నుంచి గానీ మీ ఆవిడ బంగారం మీద గానీ చేబదులు వెళ్లిందా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు. కానీ గ్యారంటీ ఉంటే లెక్క మారిపోతుంది. ఆ లారీకి లోడు దొరక్కపోతే వాయిదా కట్టమని ఫైనాన్స్ కంపెనీ ఫోన్ వచ్చేది మీకే. అప్పుడు అది చుట్టరికం దాటిపోయి మీ సొంత డబ్బు వ్యవహారం అయిపోతుంది. నేను చూసిన వాటిలో మనుషులు చుట్టరికాన్ని ఒప్పుకున్నంత తేలిగ్గా ఈ చేబదుళ్లని ఒప్పుకోరు. మొహమాటమో, ఇంటి గుట్టు అనో. చివరికి కొంప ముంచేది అవే.

ఇక రేటు సంగతి. "మిగతా ఇద్దరికంటే ఎక్కువ కాదు" అన్నది మీకు గట్టి వాదనలా అనిపిస్తోంది. నాకు అలా అనిపించదు. ఎందుకో ఒక ప్లాంటులో చూసింది చెప్తాను, ఊరూ పేరూ వద్దు. అక్కడా ఒక మేనేజర్, అక్కడా ఒక చుట్టం లారీలు. రేటు కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, మూడు కొటేషన్లు, మూడు సంతకాలు. నేను రేట్లు పక్కన పెట్టి గేటు రిజిస్టరూ కాటా చీటీలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నే గేటు లోపలికి వచ్చిన బయటి బళ్లు కొన్ని మర్నాటి దాకా లోడు కాలేదు. చుట్టం గారి బళ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి, చీకటి పడకముందే తాళ్లు బిగించి కాటా ఎక్కాయి. ఏదో ఒక రోజు కాదు, సీజనంతా అదే తంతు. డిస్పాచ్ కుర్రాణ్ణి పిలిచి అడిగాను, "మేనేజర్ గారు చెప్పారా?" అని. "అయ్యో లేదండి, సార్ ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు" అన్నాడు. మరెందుకు అలా అంటే, "సార్ వాళ్ల బండి కదండీ, ఎండలో నిలబెడితే ఏం బాగుంటుంది" అన్నాడు. ముఠా మేస్త్రీని అడిగితే అతనూ అదే మాట.

తరుగు సంగతి ఇంకా తమాషా. ఎండుమిర్చి దారిలో కాస్త తూకం తగ్గుతుంది, తేమ ఆరిపోయి. ఎంతవరకు ఆరుదల, ఎక్కణ్ణుంచి బస్తాలోంచి తీసేసింది అన్నది కాటా చెప్పదు, మనిషి నిర్ణయించాలి. బయటి ట్రాన్స్‌పోర్టర్లకి తరుగు ఆ నెల కిరాయిలోనే కోసేశారు. చుట్టం బిల్లుల మీద మాత్రం "పరిశీలనలో ఉంది" అని పెన్సిల్‌తో రాసి ఉంది. నెలలు గడిచినా ఆ పెన్సిల్ గీత అలాగే ఉంది. మేనేజర్ పాపం నిజంగానే ఏమీ చెప్పలేదు. ఆయనకి ఈ సంగతులు చూపిస్తే ముఖం పాలిపోయింది.

దీని ప్రభావం రేటు మీద ఎలా పడిందో చూడండి. బండి ఒక రాత్రి ఊరికే నిలబడితే డ్రైవర్ బత్తా పోతుంది, ఆ తర్వాతి ట్రిప్పు పోతుంది. బండి నిలబడినందుకు హాల్టింగ్ చార్జీ అడిగితే ఇవ్వలేదు. దాంతో తర్వాతి సీజన్‌కి బయటివాళ్లు ఆ నష్టమంతా లోపల వేసుకుని కొటేషన్ పెంచి ఇచ్చారు. అప్పుడు చూస్తే చుట్టం రేటే తక్కువ! కాగితం మీద అందరికంటే చవక ఆయనే, నిజానికి కంపెనీకి కిరాయిలన్నీ పెరగడానికి కారణమూ ఆయన బళ్లకి జరిగిన మర్యాదే. అందుకే మిగతావాళ్ల రేట్లతో పోల్చి మీరు ఊరట పడకండి. జీఎం అయ్యాక మీరు నోరు విప్పి అడగక్కర్లేదు, మీ కింద వాళ్లు మీ మనసు ఊహించుకుని పని చేసేస్తారు. పైకుర్చీతో వచ్చే అసలు చిక్కు ఇదే. క్వాలిటీలో ఉన్నప్పుడు లేని సమస్య ఇప్పుడు వచ్చిందంటే అందుకే.

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతారు. కంపెనీల చట్టం 2013లో డైరెక్టర్లకి గట్టి నిబంధనలే ఉన్నాయి. 184వ సెక్షన్ ప్రకారం తమకి ఏయే సంస్థల్లో వాటా గానీ ప్రయోజనం గానీ ఉందో ప్రతి ఆర్థిక సంవత్సరం మొదటి బోర్డు మీటింగులో ఎంబీపీ-1 ఫారంలో రాసివ్వాలి. 188వ సెక్షన్ సంబంధీకులతో చేసే లావాదేవీల గురించి చెప్తుంది. అయితే మీరు డైరెక్టర్ కాదు. పైగా ఆ చట్టం లెక్క వేసే బంధువుల జాబితా చూస్తే మనవాళ్లకి నవ్వొస్తుంది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. అంతే. బావమరిది లేడు. తోడల్లుడు లేడు. వియ్యంకుడు లేడు, మేనమామ లేడు, పిన్ని కొడుకు అసలే లేడు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వ్యాపారం నడిచేదంతా ఆ లేనివాళ్లతోనే! ఢిల్లీలో రాసినవాళ్లకి మన పెళ్లి పందిళ్లు తెలియవు మరి. కాబట్టి జాబితాలో లేడు గనక పర్లేదు అని ఏ లాయరో చెప్తే, అది కోర్టుకి పనికొచ్చే మాట, మీ ఎండీ గారి ముందు పనికొచ్చే మాట కాదు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి ఒకసారి చదవండి. కంపెనీ ప్రయోజనాలకి అడ్డొచ్చే సొంత వ్యవహారాలు ఉంటే ముందే తెలియజేయాలన్న వాక్యం చాలా ఆర్డర్లలో ఉంటుంది, చేరిన రోజు ఎవరూ చదవరు. ఒకవేళ మీ ఆవిడ ఆ ట్రాన్స్‌పోర్ట్ ఫర్మ్‌లో కాగితం మీదైనా భాగస్వామిగా ఉంటే అది ఇంకా దగ్గరి విషయం, అదీ రాయాల్సిందే.

ప్రభుత్వ ఉద్యోగాల్లో దీనికి దారి ఎప్పుడో వేసి పెట్టారు. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో 4వ నిబంధన చూడండి. తన కుటుంబ సభ్యులకి ప్రయోజనం ఉన్న కాంట్రాక్టు ఫైలు తన దగ్గరికి వస్తే ఉద్యోగి దాన్ని ముట్టుకోకూడదు, పై అధికారికి పంపాలి, ఆ తర్వాత ఆయన చెప్పినట్టు నడవాలి. నిజంగా ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే కథ. పద్ధతి మాత్రం సరైనది. ప్రైవేటులో మీరూ చేయాల్సింది అదే.

ఎండీ గారి అల్లుడి కోల్డ్ స్టోరేజీ గురించి మీ మాటలో కొంచెం ఉక్రోషం కనిపించింది. అర్థం చేసుకోగలను. అయినా ఆ రెండింటినీ ఒక గాటన కట్టకండి. కంపెనీ మొత్తం ఆయన సొంతమైతే ఎక్కువ అద్దె ఇచ్చి అల్లుణ్ణి బాగుచేసుకున్నా పోయేది ఆయన డబ్బే. మీరు సంతకం పెట్టేది పరాయి డబ్బు మీద. ఇక కంపెనీలో ఆయన అన్నదమ్ములకో బయటివాళ్లకో వాటాలుంటే, బ్యాంకు క్రెడిట్ నడుస్తుంటే, అప్పుడు ఆయనకీ ఈ రూల్ వర్తిస్తుంది. అల్లుడు చట్టం జాబితాలో ఉన్నాడు కూడా. మార్కెట్ రేటుకే, మామూలు వ్యాపారంలో భాగంగానే నడుస్తుంటే 188 ప్రకారం విడిగా అనుమతులు అక్కర్లేదు గానీ, వెల్లడించడం తప్పదు. అది చూసుకోవాల్సింది కంపెనీ ఆడిటరూ బోర్డూ. మీ ఉత్తరంలో ఆ ఊసు ఎత్తకండి. ఎత్తారంటే మీరు నిజం చెప్పడానికి వచ్చారనుకోరు, బేరానికి వచ్చారనుకుంటారు.

పెద్ద కంపెనీల్లో ఇది ఎలా బెడిసికొట్టిందో మన తెలుగువాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, తమ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల్ని దాదాపు 160 కోట్ల డాలర్లతో కొనాలని తీర్మానించింది. మదుపరులు గొల్లుమనడంతో గంటల్లోనే వెనక్కి తీసుకుంది. అవి కుటుంబం కంపెనీలన్న సంగతి అందరికీ తెలుసు, దాచిందేమీ లేదు. సత్యం లెక్కల్లో చూపించిన లేని ఆస్తుల్ని ఉన్న ఆస్తులతో పూడ్చడానికి అదే ఆఖరి ప్రయత్నమని 2009 జనవరి 7 నాటి ఉత్తరంలో ఆయనే రాశారు. చుట్టరికం బయటపెట్టినంత మాత్రాన పని అయిపోదని చెప్పడానికే ఇది ఎత్తాను. ఐసీఐసీఐ బ్యాంకు వ్యవహారం ఇంకా మీ కేసుకి దగ్గర. బ్యాంకు నుంచి అప్పు తీసుకున్న గ్రూపుతో అప్పటి ఎండీ చందా కొచ్చర్ భర్తకున్న వ్యాపార సంబంధాల మీద జస్టిస్ శ్రీకృష్ణ విచారణ నివేదిక వచ్చాక, 2019 జనవరిలో ఆమె రాజీనామాని తప్పు చేసినందుకు తొలగించినట్టుగా బ్యాంకు పరిగణించింది. నివేదిక తప్పుపట్టింది, వెల్లడించాల్సింది వెల్లడించలేదనీ, తప్పుకోవాల్సిన చోట తప్పుకోలేదనీ. ఈ రెండూ విడివిడి పనులు. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు.

కాబట్టి ఉత్తరం ఇలా రాయండి, పొడుగు వద్దు:

"మన కంపెనీకి లారీలు సరఫరా చేస్తున్న ఫలానా ట్రాన్స్‌పోర్ట్ యజమాని నా భార్యకు సొంత తమ్ముడు. ఆ సంస్థ ఫలానా సంవత్సరం నుంచి మన దగ్గర పనిచేస్తోంది. అప్పుడు నేను క్వాలిటీ విభాగంలో ఉన్నాను, ఆ ఎంపికలో నాకు పాత్ర లేదు. ఆ సంస్థలో నాకు గానీ నా భార్యకు గానీ వాటా లేదు. అతని లారీ రుణానికి నేను హామీ సంతకం చేశాను, ఇంకా ఇంత బాకీ ఉంది. జీఎంగా ఇప్పుడు రవాణా రేట్లు, లోడింగ్ వరస, తరుగు కోతలు, హాల్టింగ్, బిల్లుల ఆమోదం నా పరిధిలోకి వచ్చాయి. రవాణాకు సంబంధించిన ఈ నిర్ణయాలన్నీ వేరొకరికి అప్పగించవలసిందిగా కోరుతున్నాను. మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

వాటా ఉంటే ఉందని, హామీ లేకపోతే లేదని మార్చుకోండి. "అతని రేటు అందరికంటే తక్కువ", "నేను ఎంత నిజాయితీగా పనిచేశానో మీకు తెలుసు" లాంటి మాటలు మాత్రం చేర్చకండి. రేటు సరైనదో కాదో తేల్చేది మీరు కాదు, అందుకే కదా ఈ ఉత్తరం.

"రవాణా నిర్ణయాలన్నీ" అని రాయమన్నాను, "అతనికి సంబంధించినవి" అని కాదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ బావమరిది ఫైలు ఒక్కటి ఎండీకి పంపి, మిగతా ఇద్దరి రేట్లు మీరే తేలుస్తున్నారనుకోండి. వాళ్ల రేటు మీరు గీసి గీసి తగ్గిస్తే వాళ్లు విసిగి వెళ్లిపోతారు, లోళ్లన్నీ ఇతనికే. పెంచితే ఇతని కొటేషన్ చవకగా కనిపిస్తుంది. ఎటు తిప్పినా మీ చెయ్యి అందులో ఉన్నట్టే. ముగ్గురి వ్యవహారమూ ఒకేచోటికి పోవాలి.

ఎవరి దగ్గరికి అన్నది ఇంకో మెలిక. మీ అసిస్టెంట్ మేనేజర్‌కి ఇచ్చి చేతులు దులుపుకుంటే ఉపయోగం లేదు. అతని ఇంక్రిమెంట్ రాసేది మీరు. మీ బావమరిది బిల్లులో తరుగు కోసే ధైర్యం అతనికి ఎక్కణ్ణుంచి వస్తుంది? మీకు రిపోర్ట్ చేయని మనిషి కావాలి. ఫైనాన్స్ హెడ్ నేరుగా ఎండీకి రిపోర్ట్ చేస్తుంటే ఆయన, లేకపోతే ఎండీయే. లోడింగ్ వరసకి గేటు దగ్గర టోకెన్ పెట్టించండి, వచ్చిన టైమూ బండి నంబరూ సెక్యూరిటీ బోర్డు మీద రాసేలా. డ్రైవర్లే ఒకరి నంబర్ ఒకరు చూసుకుంటారు, మీ ఆడిటర్‌కి సగం పని తగ్గుతుంది. తరుగుకి కూడా ఇంత శాతం దాకా ఆరుదల కింద వదిలేయాలి, ఆపైన కోయాలి అని అందరికీ ఒకటే లెక్క ముందే రాసి పెట్టమనండి. ఆ లెక్క కట్టే మీటింగులో మీరు కూర్చోవద్దు.

ఎండీ గారు ఏమంటారో నేను ఊహించగలను. "భలేవాడివయ్యా, నువ్వు నాకు తెలియదా, కానీయ్" అని భుజం తట్టి పంపేస్తారు. మీకు ప్రాణం లేచొస్తుంది. అక్కడే ఆగిపోకండి. ఆ సాయంత్రమే "ఈ రోజు మీతో మాట్లాడినట్టుగా" అని మొదలుపెట్టి ఒక మెయిల్ పంపండి, రవాణా ఫైళ్లు ఫలానా వారికి పంపుతున్నానని రాయండి. ఆయన జవాబివ్వకపోయినా మీ మెయిల్ ఉంటుంది. గుంటూరు కంపెనీల్లో నోటిమాటకి ఆయుష్షు ఆ పెద్దాయన కుర్చీలో ఉన్నంతకాలమే. రేపు అబ్బాయి గారు అమెరికా నుంచో హైదరాబాద్ నుంచో వచ్చి కూర్చుంటారు, కొత్త ఆడిటర్లని పెడతారు, నాన్నగారు భుజం తట్టిన సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

కాంట్రాక్టు ఆపేయమంటే? ఆపేయడం ఆయన హక్కు, వాదించకండి. కాకపోతే మిర్చి సీజన్ నడుమ, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు నిండా సరుకు ఉండే రోజుల్లో, ఉన్నట్టుండి ఒక ట్రాన్స్‌పోర్టర్‌ని తీసేస్తే కంపెనీకే ఇబ్బంది అన్న సంగతి ఫైనాన్స్ హెడ్ చెప్తే బాగుంటుంది, మీ నోటి నుంచి వద్దు. సీజన్ అయ్యాక మళ్లీ కొటేషన్లు పిలిచి, మీరు లేని కమిటీలో అతను కూడా పోటీ పడొచ్చు. నిజంగా మంచి రేటు ఇవ్వగలిగినవాడైతే అక్కడా నెగ్గుతాడు.

ఇంటి విషయం. ఉత్తరం ఎండీ చేతికి వెళ్లే ముందు రోజు మీ బావమరిదికి మీరే చెప్పండి, మీ ఆవిడ కూడా పక్కన ఉండగా. మూడో మనిషి ద్వారా తెలిస్తే "బావే నా పొట్ట కొట్టాడు" అవుతుంది, తర్వాత పదేళ్లు ప్రతి పండక్కీ ఆ మాటే నడుస్తుంది. చెప్పేటప్పుడు రెండు సంగతులు స్పష్టంగా చెప్పండి. ఇక నుంచి లోళ్ల గురించి, బిల్లుల గురించి మీకు ఫోన్ చేయకూడదు, డిస్పాచ్‌కీ అకౌంట్స్‌కీ మాత్రమే చేయాలి. "బావగారితో మాట్లాడతాలే" అన్న మాట మీ గేటు లోపల అతని నోట్లోంచి రాకూడదు. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అతను బెదిరింపుగా అనడు, అలవాటుగా అంటాడు. అతను ఒప్పుకోకపోతే, గ్యారంటీ పెట్టి ఉంటే, ఫైనాన్స్ కంపెనీని అడిగి వేరే హామీదారుని పెట్టించి బయటపడే ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టండి. అంత తేలిగ్గా వదలరు, బాకీ తగ్గిన కొద్దీ అడుగుతూ ఉండాలి.

మీ సంగతి తేలాక, మీ కింద వాళ్ల సంగతి చూడాలి. ఇది మీరు అడగలేదు గానీ జీఎం అయ్యారు గనక చెప్తున్నాను. గుంటూరులో మిర్చి వ్యాపారం చేస్తూ యార్డులో చుట్టం లేని మనిషిని పనిలో పెట్టుకోవడం దాదాపు అసాధ్యం. క్వాలిటీలో తాలు కాయలు ఎంచే కుర్రాడి మేనమామకి యార్డులో కమీషన్ కొట్టు ఉంటుంది. స్టోర్స్ వాడి తోడల్లుడు గోనెసంచులు అమ్ముతాడు. వాళ్లందర్నీ తీసేస్తే ప్లాంటు మూసుకోవాలి. అక్కర్లేదు. ఎవరికి ఎవరు ఏమవుతారో తెలిస్తే, మేనమామ లాటు వచ్చిన రోజు ఆ కుర్రాణ్ణి ఇంకో లైన్‌లో కూర్చోబెడతారు, అంతే. ప్రతి ఏప్రిల్లో పర్చేజ్, క్వాలిటీ, స్టోర్స్, డిస్పాచ్, గేటు సిబ్బంది చేత ఒక పేజీ తెలుగులో నింపించండి. అందులో బావమరిది, తోడల్లుడు, వియ్యంకుడు అన్న మాటలు పేరుపేరునా ఉండాలి. "బంధువులు" అని రాస్తే ఎవరికి వాళ్లు తగ్గించుకుని లెక్క వేసుకుంటారు. మొదటి కాగితం మీది కావాలి, నోటీసు బోర్డు మీద అక్కర్లేదు గానీ ఫైల్లో మొదటి పేజీగా. ఒకడు నిజం రాసినందుకు నష్టపోయాడని తెలిస్తే వచ్చే ఏడాది అందరి కాగితాలూ ఖాళీగా వస్తాయి. పండగకి వచ్చే స్వీట్ల పెట్టె, ఎండాకాలం వచ్చే నూజివీడు రసాల బుట్ట గురించి నేను మరీ చాదస్తం పడను. క్యాంటీన్‌లో అందరికీ పంచేస్తే గొడవ లేదు. ఇంటికి చేరవేసేవి, పిల్లల ఫీజులు కట్టేవి, అవి వేరు.

బయటి నుంచి ఎవరైనా మీ మీదే ఆకాశరామన్న ఉత్తరం రాస్తే కంగారుపడకండి. బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలు దాటి అప్పు తీసుకున్న కంపెనీ అయితే, ఫిర్యాదులు చేయడానికి విజిల్ బ్లోయర్ పద్ధతి పెట్టడం కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద తప్పనిసరి. స్టాకు తాకట్టు పెట్టి క్రెడిట్ వాడే ఎగుమతి కంపెనీలు కొన్ని ఆ గీత దాటే ఉంటాయి. మీ కంపెనీలో ఉందో లేదో కంపెనీ సెక్రటరీని అడగండి. లేకపోతే పెట్టమని మీరే ప్రతిపాదించండి. ఆ ఉత్తరం వచ్చేసరికి మీ వెల్లడి కాగితం తేదీ దానికంటే ముందుది అయితే విచారణ ఒక పూటలో ముగుస్తుంది. తర్వాతి తేదీ అయితే మీరు భయపడి రాశారనే అనుకుంటారు.

కాబట్టి వరస ఇది: ముందు ఫైనాన్స్ కాగితాలు తీసి గ్యారంటీ ఉందో లేదో తేల్చుకోండి. రాత్రి ఇంట్లో మాట్లాడండి. మర్నాడు ఉదయం ఎండీ గారికి ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఈలోగా కిరాయి కొటేషన్లు మీ టేబుల్ మీదికి వచ్చినా విప్పకండి, ముగ్గురివీ.